చచ్చిన రేంజ్‌ఫైండర్‌తో కట్ సెక్షన్ మోడల్ చేసుకోవడం

"సార్, ఇందులో బొమ్మ రెండుగా కనబడుతోంది. పాడైపోయిందా?"

దూరం కొలిచి ఫోకస్ చేసే పాత తరహా రేంజ్‌ఫైండర్ కెమెరా మొదటిసారి కంటికి పెట్టుకున్నవాళ్ళు దాదాపు అందరూ అడిగే మాట ఇది. పాడవలేదు, ఆ రెండు బొమ్మల్నీ ఒకదాని మీదికి ఒకటి తెస్తే ఫోకస్ అయినట్టు అని చెబుతాను. బోర్డు మీద త్రిభుజం గీస్తాను. తలలు ఊపుతారు. ఏమీ అర్థం కాలేదని ఆ ఊపుడులోనే తెలిసిపోతుంది. ఒక ఆదివారం క్లాసులో విసుగొచ్చి, మూలన పడి ఉన్న ఫెడ్-2 అనే పాత సోవియట్ కెమెరా పై మూత విప్పి బల్ల మీద పెట్టాను. లెన్స్ తిప్పుతూ లోపలికి చూడమన్నాను. ఒక చివర గోరంత గాజు ముక్క కదిలీ కదలనట్టు కదిలింది. "ఓహో, ఇదా!" అన్నారు. బోర్డు తుడిచేశాను.

అప్పటినుంచి ఇప్పటిదాకా నాలుగు మోడళ్ళు చేశాను. రెండు బాగా వచ్చాయి, ఒకటి పాడుచేశాను, ఇంకోటి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ కథ కింద చెబుతాను. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పక్కలు కోసి, కోసిన అంచులకు ఎర్రరంగు పూసి పెట్టిన ఇంజను చూసే ఉంటారు. దాన్ని కట్ సెక్షన్ అంటారు. కెమెరాతో చేసేదీ అదే. లైకా తయారుచేసిన జర్మనీ కంపెనీ లైట్జ్, డీలర్లకు చూపించడానికీ శిక్షణకూ ఇలా కోసిన లైకాలను తనే చేసేది. ఇప్పుడవి కలెక్టర్ల వేలంపాటల్లో తేలుతుంటాయి. మనకు అంత సోకు అక్కర్లేదు. పిల్లల చేతుల్లో నలిగినా పనిచేసేది కావాలి.

ముందు ప్రశ్న, తర్వాత రంపం

ఒక మోడల్ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఇదే. రేంజ్‌ఫైండర్‌లో చూపించదగ్గవి మూడున్నాయి: దూరం కొలిచే ఏర్పాటు, షట్టర్, లెన్స్ ముందుకీ వెనక్కీ జరిగే మర. మూడూ ఒకే కెమెరాలో చూపించాలనిపిస్తుంది. నా మొదటి మోడల్‌లో అదే చేశాను. పైన, ముందు, పక్కన కోసుకుంటూ పోయాను. చివరికి డొల్ల మిగిలింది. బాడీకి బిగువు పోయి లెన్స్ బిగించే రింగు ఓ పక్కకు ఒరిగింది, లోపల ఏదీ సరిగ్గా కదల్లేదు. చూడ్డానికి చిలక కొట్టిన జామకాయలా ఉండేది. చిలక కొట్టింది కనీసం తియ్యగా ఉంటుంది.

మొదటి మోడల్‌కి దూరం కొలిచే ఏర్పాటునే ఎంచుకోండి. పిల్లలకు అర్థం కానిది అదే, కోయడానికి తేలికైనదీ అదే. షట్టర్‌ను అసలు కోయకుండానే చూపించవచ్చు.

కోసే ముందు లోపల జరిగేది మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. కంటి దగ్గర సగం వెలుగును పోనిచ్చి సగాన్ని తిప్పికొట్టే అద్దం ఏటవాలుగా ఉంటుంది. దాన్ని సగం అద్దం అందాం. దాని గుండా నేరుగా ఎదుటి దృశ్యం కనబడుతుంది. కెమెరాకి రెండో చివర చిన్న కిటికీ వెనక, కదిలే అద్దమో ప్రిజమో ఉంటుంది. అది పట్టుకున్న బొమ్మ కెమెరా వెడల్పున అడ్డంగా ప్రయాణించి సగం అద్దానికి తగిలి కంటికి చేరుతుంది. అందుకే రెండు బొమ్మలు. లెన్స్ తిప్పితే దాని వెనక అంచు ఒక చిన్న మీటను నెడుతుంది, మీట ఆ అద్దాన్ని తిప్పుతుంది. రెండు బొమ్మలూ కలిశాయంటే లెన్స్ ఆ దూరానికి సరిగ్గా జరిగిందన్నమాట. 1932లో వచ్చిన లైకా 2, కాంటాక్స్ 1 కెమెరాలతో ఈ జోడింపు 35 ఎం.ఎం. లోకంలో స్థిరపడింది.

ఇది ఎంత సున్నితమో చూడండి. ఫెడ్-2లో రెండు చూపుల మధ్య దూరం 67 మి.మీ. మీటరు దూరంలో ఉన్న మనిషిని చూడ్డానికి రెండు చూపుల మధ్య కోణం సుమారు 3.8 డిగ్రీలు. అద్దం ఎంత తిరిగితే కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి అద్దం తిరగాల్సింది 1.9 డిగ్రీలే. పది మీటర్లకైతే 0.19 డిగ్రీ. పది మీటర్ల నుంచి ఆకాశం దాకా ఉన్న లోకమంతా ఆ 0.19 డిగ్రీలోనే సర్దుకోవాలి. అందుకే కోసేటప్పుడు ఈ అద్దాల జోలికి పోకూడదు.

ఏది కోయాలి

ఫెడ్-2, జోర్కీ-4. ఈ రెండే నా సలహా. రెండూ సోవియట్ కెమెరాలు. మొదటిది ఖార్కోవ్‌లో 1955 నుంచి, రెండోది మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో 1956 నుంచి చేశారు. లక్షల్లో చేశారు కాబట్టి ఒకటి కోస్తే చరిత్రకేం నష్టం లేదు. బాడీ మొరటుగా, గట్టిగా ఉంటుంది. వెనక మూత మొత్తం ఊడివస్తుంది. దృశ్యాన్ని చూసే వ్యూఫైండరూ రేంజ్‌ఫైండరూ ఒకే కిటికీలో కలిసి ఉంటాయి.

లైకా దొరికితే కోయకండి. పాడైన లైకాకి కూడా బాగుచేసేవాళ్ళున్నారు. అయితే మార్కెట్లో బంగారు రంగు పూసి, మీద జర్మన్ ముద్రలు చెక్కి, "లైకా" అని అమ్మేవి చాలావరకు ఫెడ్‌లో, జోర్కీలో. లెన్స్ తీసి లోపల పైభాగాన మీట కొస చూడండి. అసలు లైకాలో అక్కడ తిరిగే గుండ్రటి చక్రం ఉంటుంది. పాత ఫెడ్, జోర్కీల్లో ఏటవాలుగా అరగదీసిన గట్టి ముక్క ఉంటుంది. ఇలాంటి దొంగ లైకా దొరికితే నిక్షేపంగా కోయండి.

ఇంకో సోవియట్ కెమెరా కీవ్ జోలికి మొదటిసారే వెళ్ళకండి. దాని రేంజ్‌ఫైండర్‌లో కెమెరా వెడల్పున పొడుగాటి గాజు దిమ్మ ఉంటుంది. చూడ్డానికి అద్భుతం, చేయి జారితే మాత్రం అంతే సంగతులు. కీవ్-4, ఫెడ్-4 లాంటివాటికి ముందు వెలుగు కొలిచే సెలీనియం మీటర్ కూడా ఉంటుంది. సెలీనియం విషపదార్థం, ఆ పలకను కోయడం, గీకడం వద్దు. బీరువాల్లో దొరికే యాషికా ఎలక్ట్రో 35, కానొనెట్‌ల్లోనూ రేంజ్‌ఫైండర్ చక్కగా కనబడుతుంది కానీ పై మూత కింద వైర్లు ఉంటాయి. పాత మెర్క్యూరీ బ్యాటరీ లోపలే ఉండిపోయి కారి ఉంటుంది, గ్లవ్స్ వేసుకుని తీయాలి. లోపలే ఫ్లాష్ ఉన్న కెమెరాని అసలు విప్పకండి. దాని కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు, బ్యాటరీ తీసేసినా సరే.

దొరికే చోటు? హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజార్, కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కల. మిక్సీ మోటార్ల మధ్య, రిమోట్ల గుట్టలో పడి ఉంటాయి. "బరాబర్ చల్తా సాబ్" అంటాడు అమ్మేవాడు. నడవకపోతే బాగుండునని మొక్కుకుంటూ కొనే వస్తువు ఇదొక్కటే.

చచ్చిందో లేదో తేల్చుకోండి

ఇప్పుడు ఆ మనసు చివుక్కుమనే కథ. రెండో మోడల్ కోసం ఒక జోర్కీ-4 కొన్నాను. షట్టర్ సగంలో ఇరుక్కుపోయి ఉంది. చచ్చిందనుకున్నాను. మూత తీసి, రెండు గంటలు కష్టపడి కిటికీ కోశాను, అంచులు నునుపు చేశాను. లోపల దుమ్ముగా ఉందని లైటర్ పెట్రోలు ముంచిన బ్రష్షుతో గేర్ల మీద రెండుసార్లు తుడిచాను. గట్టిపడిన పాత గ్రీజు నల్లగా కారింది. ఊరికే నాబ్ తిప్పి నొక్కాను. టప్. మళ్ళీ తిప్పాను. టప్. సెకను దగ్గర పెడితే "జ్‌ర్‌ర్‌ర్" అని కూడా అంది. బతికున్న కెమెరా నెత్తికి చిల్లు పెట్టానన్నమాట.

కాబట్టి కొన్నాక ఒక వారం ఆగండి. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, లైటర్ పెట్రోలుతో పాత గ్రీజు కడగండి. జోర్కీ-4లో ముందు ఫిల్మ్ నాబ్ పూర్తిగా తిప్పి, తర్వాతే షట్టర్ వేగం మార్చాలి. వరస తప్పితే లోపల విరుగుతుంది. ఇన్ని చేసినా షట్టర్ గుడ్డ చిరిగి ఉన్నా, గేర్ పళ్ళు ఊడి ఉన్నా, బాడీ సొట్టపడి ఉన్నా అప్పుడు అది మీది.

కానీ ఒకటి బాగుండాలి. కంటికి పెట్టుకుంటే మధ్యలో రెండో బొమ్మ స్పష్టంగా కనబడాలి. అది మసకగా ఉంటే సగం అద్దం పూత పోయింది, ఆ కెమెరా ఈ మోడల్‌కి పనికిరాదు. షట్టర్ గుడ్డ చిల్లులు పడి, రేంజ్‌ఫైండర్ కళకళలాడుతూ ఉన్న ఫెడ్-2 దొరికిందా, మీ పంట పండినట్టే.

సామాన్లు

కంసాలులు వాడే సన్న రంపం, 2/0 లేదా 3/0 బ్లేడ్లు ఒక డజను. విరుగుతాయి, టెన్షన్ పడొద్దు. సన్న ఆకురాళ్ళ సెట్టు, 400, 800, 1200 నంబరు నీటి ఎమరీ కాగితం, చిన్న బెంచ్ వైస్, 1 మి.మీ. డ్రిల్ బిట్టు, గడియారం రిపేరు స్క్రూడ్రైవర్లు, శ్రావణం, గాలి ఊదే రబ్బరు బల్బు. ఇవన్నీ రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే దొరుకుతాయి. తేనెమైనం ముక్క, మాస్కింగ్ టేపు, 2 మి.మీ. పారదర్శక అక్రిలిక్ (నేమ్‌ప్లేట్లు చేసే కొట్లో ముక్కలు అడగండి), ఎర్రటి గోళ్ళ రంగు. గోళ్ళ రంగు అంటే నవ్వకండి, దాని సంగతి తర్వాత.

రోటరీ టూల్ ఉంటే డ్రిల్లుకీ పాలిష్‌కీ వాడండి, కోతకు వద్దు. ఒక్కసారి జారిందంటే క్రోమ్ మీద పడిన గీత జన్మంతా ఉంటుంది.

ఫెవిక్విక్ లాంటి జిగురు ఈ పనిలో ఎక్కడా వాడొద్దు. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గర్లో ఉన్న గాజు మీద తెల్లటి పొరలా కూర్చుంటుంది. అతికించాల్సిన చోట రెండు ట్యూబుల అరాల్డైట్ వాడండి.

విప్పడం

తెల్లటి పళ్ళెంలో తడిగుడ్డ పరిచి దాని మీద పని చేయండి. ఎగిరిన స్క్రూ అక్కడే ఆగుతుంది. ప్రతి అడుగుకీ ఫోనుతో ఒక ఫోటో. ఐస్ ట్రేలో గడికి ఒక అడుగు చొప్పున స్క్రూలు వేసుకుంటూ పోతే బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకు వస్తే సరిపోతుంది.

ముందు లెన్స్ తిప్పి తీయండి. వెనక మూత తీయండి. షట్టర్ వదిలేసి ఉండాలి, అంటే నొక్కేసిన స్థితిలో. పైన నాబ్‌లకు పక్కన చీమ తలంత స్క్రూలుంటాయి, వాటిని పూర్తిగా తీయకుండా వదులు చేస్తే చాలు. వేగం చూపే చక్రం తీసేముందు అది ఏ అంకె మీద ఉందో ఫోటో తీయండి. తర్వాత కంటి దగ్గర రింగు, చిన్న కిటికీ చుట్టూ ఉన్న రింగు, చివర్న మూత స్క్రూలు. మూత రాకపోతే బలం పెట్టొద్దు, ఇంకో స్క్రూ ఎక్కడో దాక్కుని ఉందని అర్థం.

కింద రోలర్ల కొసల దగ్గర షట్టర్ స్ప్రింగుల బిగువు సరిచేసే స్క్రూలు కనబడతాయి. వాటిని ముట్టుకోకండి. ఒకటి వదులైతే స్ప్రింగు గిర్రున తిరిగిపోతుంది, అన్ని చుట్లూ మళ్ళీ లెక్కబెట్టి ఎక్కించాలి.

సగం అద్దాన్ని వేలితో గానీ గుడ్డతో గానీ తుడవొద్దు. దాని పూత తామరాకు మీద నీటిబొట్టులాంటిది, దూది తగిలినా వెళ్ళిపోతుంది. గాలి బల్బుతో ఊదండి. పోని దుమ్ము ఉండనివ్వండి.

మూత మాత్రమే కోయాలి

లోపలి యంత్రం ఉన్న బాడీని కోయం. ఊడదీసిన పై మూతను విడిగా కోసి, కడిగి, మళ్ళీ బిగిస్తాం. ఇత్తడి రజను ఒక్క రేణువు షట్టర్ గేర్లలో పడినా కదలిక ఆగిపోతుంది. నేను బాడీని డబ్బాలో పెట్టి వేరే గదిలో ఉంచి, వరండాలో కోస్తాను.

గీత ఎక్కడ గీయాలి? మూతకు ముందువైపు రెండు కిటికీలుంటాయి, పెద్దదీ చిన్నదీ. వాటి మధ్యనున్న గోడ వెనకే వెలుగు అడ్డంగా ప్రయాణిస్తుంది. కాబట్టి ఆ గోడనూ, దాని పైనున్న కప్పులో ముందు సగాన్నీ కలిపి ఎల్ ఆకారంలో తీసేయాలి. కిటికీల చుట్టూ కనీసం 3 మి.మీ. వదలండి, ఎందుకంటే చిన్న కిటికీ రింగులో ఉన్న గాజు కూడా రేంజ్‌ఫైండర్‌లో భాగమే. స్క్రూలు పట్టే చోట్లు, నాబ్‌ల బెజ్జాలు, ఫ్లాష్ తగిలించే పట్టీ ముట్టుకోవద్దు. నంబరు ఉన్న చోటు వదిలేయండి, అది కెమెరా ఆధార్ కార్డు. ముందుగా మూత ఆకారంలో మందపాటి కాగితం మడిచి, కిటికీ కత్తిరించి, బాడీ మీద పెట్టి చూడండి. కాగితం మీద పది నిమిషాలు కూర్చుంటే ఇత్తడి మీద పది గంటలు మిగులుతాయి.

మూత లోపల ఒక మూల గీకి చూడండి. పసుపుగా మెరిస్తే ఇత్తడి, తెల్లగా ఉంటే అల్యూమినియం. ఇత్తడి నిదానంగా, శుభ్రంగా తెగుతుంది. అల్యూమినియం రంపం పళ్ళలో ఇరుక్కుంటుంది, మైనం ఎక్కువ రాయాలి.

ఇక కోత. మూత లోపల పట్టేలా చెక్క దిమ్మ చెక్కి దూర్చండి. లేకపోతే పలుచటి రేకు వైస్‌లో వంగిపోతుంది. వైస్ దవడలకు పాత బెల్టు తోలు పెట్టండి. పైన మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీత గీయండి. టేపు ఉంటే క్రోమ్ అంచు పొరలుగా లేవదు. మూలల్లో 1 మి.మీ. బెజ్జాలు వేసి, రంపం బ్లేడు ఒక కొస విప్పి బెజ్జంలోంచి దూర్చి మళ్ళీ బిగించండి. పళ్ళు పిడివైపు, కిందికి చూస్తుండాలి. వేలితో మీటితే తంబూరా తీగలా "టింగ్" అనాలి. మెత్తగా మోగితే బ్లేడు వదులుగా ఉంది, తొలి మలుపులోనే విరుగుతుంది.

గీతకు అర మి.మీ. లోపలగా కోయండి. కిందికి లాగేటప్పుడే తెగుతుంది, పైకి ఊరికే రానివ్వండి. మలుపు దగ్గర ముందుకు నెట్టకుండా అక్కడే పైకీ కిందికీ ఆడిస్తూ మూతను కొంచెం కొంచెంగా తిప్పండి. ప్రతి ఇరవై లాగులకూ బ్లేడుకు మైనం రాయండి. మొదటిసారి నాకు తొమ్మిది బ్లేడ్లు విరిగాయి, మూడో మోడల్‌కి రెండు. ముక్క ఊడిపోయే ముందు కింద వేలు పెట్టి పట్టుకోండి, లేకపోతే దాని బరువుకు ఆఖరి మిల్లీమీటరు చిరిగినట్టు వస్తుంది.

తర్వాత ఆకురాయితో గీత దాకా తేవడం. మూలలు కచ్చితమైన లంబకోణంలో కాకుండా కొంచెం గుండ్రంగా ఉంచండి. మొనదేలిన మూలలు పగిలిన చోటులా కనబడతాయి, పిల్లల వేళ్ళకీ తగులుతాయి. 400 నుంచి 1200 దాకా ఎమరీ కాగితం తడిపి రుద్దండి. వేలి కొస అంచు మీద నడిపితే గాజు గ్లాసు అంచులా తగలాలి.

సబ్బునీళ్ళలో పాత పళ్ళ బ్రష్షుతో మూతను కడిగి, ఎండలో ఆరబెట్టి, గాలి ఊది, మళ్ళీ కడగండి. రెండోసారి కడిగిన నీళ్ళు ఆరబోస్తే పళ్ళెంలో ఇంకా మెరుపులు కనబడతాయి. కనబడనంతవరకూ కడగండి.

ఎర్ర రంగు

ఇక్కడే గోళ్ళ రంగు. కోసిన అంచు మందం మీద మాత్రమే, సన్న బ్రష్షుతో ఒక పూత. అది కంపెనీ పెట్టిన కిటికీ కాదు, మనం కోసింది అని చూసేవాళ్ళకు వెంటనే తెలియాలి, అందుకే ఈ ఎర్ర గీత. ఎనామిల్ పెయింటు మందంగా కారుతుంది, ఆరడానికి రోజంతా పడుతుంది. గోళ్ళ రంగు అయిదు నిమిషాల్లో ఆరుతుంది, పక్కకు పోతే రిమూవర్‌తో తుడిచేయవచ్చు. మా అమ్మాయిది తీసుకున్నాను. రంగు బాగుందని మెచ్చుకుంది, సీసా మాత్రం తిరిగిచ్చేయమంది.

లోపల మీటకో రంగు, అద్దానికో రంగు పూస్తే దీపావళి మతాబులా తయారవుతుంది. పూయొద్దు.

బొమ్మలు మళ్ళీ కలపడం

మూత బిగించాక రేంజ్‌ఫైండర్ సరిచూడాలి. లెన్స్‌ను అనంతం గుర్తు మీద పెట్టి, కనీసం కిలోమీటరు దూరంలో నిలువు గీత ఉన్నదాన్ని చూడాలి. మా మెహదీపట్నం మేడ మీంచి గోల్కొండ కోట మీద బాలా హిసార్ కనబడుతుంది, నాకు అదే గుర్తు. ఉదయం పూట చూడండి, మధ్యాహ్నం వేడి గాలికి గోడలు అలల్లా ఊగుతాయి. రెండు బొమ్మలూ పక్కపక్కన ఉంటే అనంతం సర్దే స్క్రూను వెంట్రుకవాసి తిప్పండి. ఒకటి పైన ఒకటి కింద ఉంటే చిన్న కిటికీలోని గాజును దాని రింగుతో తిప్పాలి. తర్వాత ఫిల్మ్ ఉండే తలం నుంచి టేపుతో మీటరు కొలిచి, అక్కడ అగ్గిపెట్టె నిలబెట్టి చూడండి. అనంతం దగ్గర సరిపోయి మీటరు దగ్గర కొంచెం తేడా ఉంటే, మోడల్‌కి అది చాలు, వదిలేయండి.

ఒక చిక్కుంది. కప్పు తెరిచాక పైనుంచి వెలుగు లోపలికి పడి రెండో బొమ్మ వెలిసిపోతుంది. కోసిన కిటికీకి సరిపడా నల్ల అట్టముక్క తయారుచేసి పెట్టుకోండి. లోపల చూడాలంటే తీస్తారు, కంటికి పెట్టుకుని చూడాలంటే మూస్తారు. ఈ చిన్న అట్టముక్క లేకపోతే మోడల్ సగమే పనిచేస్తుంది.

క్లాసులో వాడే చిట్కా ఒకటి. కెమెరాను బల్ల మీద కదలకుండా పెట్టి, కంటి కిటికీలోంచి తక్కువ శక్తి లేజర్ పాయింటర్ వెలుగు పంపండి. సగం అద్దం దగ్గర అది రెండవుతుంది. ఒకటి పెద్ద కిటికీలోంచి, ఇంకోటి చిన్న కిటికీలోంచి బయటికొచ్చి ఎదుటి గోడ మీద రెండు చుక్కలు పడతాయి. లెన్స్ తిప్పుతూ పోతే చుక్కలు దగ్గరవుతాయి, గోడ దూరం దగ్గర ఒకటవుతాయి. అప్పుడు లెన్స్ మీద అంకె చదవమంటాను, తర్వాత టేపుతో గోడ దూరం కొలవమంటాను. కిటికీ ముందు అగరొత్తి వెలిగిస్తే పొగలో రెండు ఎర్ర గీతలు కూడా కనబడతాయి. బోర్డు మీద నేను గీసిన త్రిభుజం గాల్లో నిలబడుతుంది. జాగ్రత్త: ఆ సమయంలో ఎవరూ కెమెరా ముందు నిలబడి కిటికీల్లోకి చూడకూడదు, ఎవరి కన్నూ చుక్క ఎత్తులో ఉండకూడదు. అగరొత్తిని కెమెరాకి జానెడు దూరంలో ఉంచండి, పొగ గాజుకి పడుతుంది.

షట్టర్, లెన్స్

షట్టర్ కోసం కోత అక్కర్లేదు. వెనక మూత ఊడదీసి, ఆ స్థానంలో అక్రిలిక్ పలక కోసి పెట్టండి. అసలు మూత పారేయకండి. అక్రిలిక్ మీది కాగితం చివరిదాకా తీయొద్దు, తీశాక సబ్బునీళ్ళతోనే తుడవండి. స్పిరిట్ తగిలితే కోసిన అంచుల నుంచి సన్నగా బీటలు పాకుతాయి.

ఈ గుడ్డ షట్టర్‌లో వేగం పెంచితే తెర వేగంగా పరిగెడుతుందని చాలామంది అనుకుంటారు. రెండు తెరలూ ఎప్పుడూ ఒకే వేగంతో వెళ్తాయి, వాటి మధ్య సందు మారుతుంది. 36 మి.మీ. దాటడానికి సుమారు సెకనులో ముప్పయ్యో వంతు అనుకుంటే, 1/500 దగ్గర ఆ సందు 2 మి.మీ. పైచిలుకు ఉంటుంది. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి వెనక నుంచి వీడియో తీయండి. ఎనిమిది ఫ్రేముల్లో సందు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్ళడం కనబడుతుంది.

లెన్స్‌కి వేరే చచ్చిన లెన్స్ తీసుకోండి, రేంజ్‌ఫైండర్ మోడల్ మీదున్నదాన్ని కోయొద్దు. ఈ సోవియట్ కెమెరాలతో వచ్చే ఇండస్టార్ లెన్స్, ఫంగస్ పట్టింది అయితే మంచిది, మన వానాకాలం పుణ్యమా అని వాటికి కొరత లేదు. గాజులన్నీ తీసి భద్రపరచి, బయటి గొట్టంలో పావు వంతు మాత్రం కోయండి. మర విడదీసే ముందు ఏ స్థానంలో విడిపోయిందో రెండు ముక్కల మీదా కలిపి గీత గీయండి. ఆ మరకు ఒకటి కాదు, చాలా మొదళ్ళుంటాయి. తప్పు మొదలులో ఎక్కిస్తే తిరుగుతుంది కానీ అనంతానికి ఎప్పటికీ చేరదు. 50 మి.మీ. లెన్స్ అనంతం నుంచి మీటరు దాకా రావడానికి ముందుకు జరిగేది సుమారు 2.8 మి.మీ. మాత్రమే. గాజును కోయాలని ఉబలాటపడకండి, దానికి నీళ్ళతో నడిచే వజ్రపు చక్రం కావాలి, గాజు పొడి ఊపిరితిత్తులకు చేటు.

బల్ల మీదికి

చెక్క దిమ్మలో కెమెరా కూర్చునేలా గాడి చేయించండి. రెండువైపులా అంటుకునే టేపు నమ్ముకోవద్దు, మే నెల వేడికి మెల్లగా జారుతుంది. ఒకసారి మా మోడల్ రాత్రికి రాత్రి బల్ల అంచు దాకా ప్రయాణం చేసింది. పేర్లు మూడు చోట్ల చాలు: సగం అద్దం, కదిలే అద్దం, మీట. వాడనప్పుడు గాజు డబ్బా కింద, లోపల సిలికా జెల్ పొట్లం. జూన్ నుంచి అక్టోబరు దాకా పొట్లం మారుస్తుండండి.

నెత్తికి చిల్లుపడ్డ ఆ జోర్కీ సంగతి చెప్పలేదు కదూ. ఫిల్మ్ ఉండే గది పై మూతకు సంబంధం లేకుండా విడిగా ఉంటుంది కాబట్టి ఫోటోలకు ఏమీ కాలేదు. చిల్లు మీద నల్ల టేపు వేసి ఇప్పటికీ దానితోనే రోలు తీస్తున్నాను. క్లాసులో ఎవరైనా ఫోటో తీస్తూ తీస్తూ ఆగి "సార్, లోపలేం జరుగుతోంది ఇప్పుడు?" అంటే టేపు ఒక కొస లేపి చూపిస్తాను.